ఐవారి అరికాళ్లు

మొన్న పావగడలో ఒక పడుచు డాక్టరమ్మ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, చెప్పులు విప్పించి, కళ్లు మూసుకోమంది. రిటైరయ్యాక నాకు దక్కిన బహుమానాల్లో షుగరు కూడా ఒకటి. సన్నటి తీగలాంటిదేదో తీసి అరికాలికి ఆనిస్తూ "తగిలితే చెప్పండి ఆంటీ" అంది. బొటనవేలి దగ్గర తగిలింది, చెప్పాను. మడమ దగ్గర తగిలింది, చెప్పాను. ఆ తర్వాత తగిలినా నోరు పెగల్లేదు. మూసిన కళ్ల ముందు మా హెడ్మాస్టరు కూర్చుని ఉన్నారు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఫోటో తీయించుకునే మనిషిలా నవ్వుతూ. "తగల్లేదా ఆంటీ?" అని ఆ పిల్ల కంగారు పడింది. "తగిలిందిలేమ్మా" అన్నాను. ఆ రోజంతా ఇంకో పని చేయలేకపోయాను.

ఆయన పేరు రాయను. ఊళ్లో కూడా ఆయన్ని ఎవరూ పేరుతో పిలవలేదు. మా వైపు బడిపంతుల్ని ఐవారు అంటారు. ఆ ఊళ్లో ఐవారంటే ఆయనొక్కరే. నేను రోజూ పావగడ నుంచి బస్సులో వచ్చిపోయే టీచరమ్మను. నాగలమడిక దాటి, పినాకిని ఏరు దాటితే వచ్చే ఊరు అది. ఏరంటే పేరుకే ఏరు, ఉండేదంతా ఇసుకే. ఆ ఇసుక మీదే రాళ్లు పరిచి దారి వేశారు, బస్సు దాని మీద మూలుగుతూ దాటేది. రెండు గదుల బడికి మేమిద్దరమే మేస్టర్లం.

ఆయన్ని తలుచుకుంటే ముందు గొడుగు గుర్తొస్తుంది. వాన మొహం చూడని సీమలో ఏడాది పొడుగునా గొడుగు చంకన పెట్టుకుని తిరిగే మనిషి. ఎండ కోసమనుకునేరు, ఎండలో దాన్ని విప్పేవారే కాదు. అడిగితే, "ఎండకు విప్పి అరగదీస్తే, వానొచ్చిన నాడు ఏం చేయల్ల టీచరమ్మా?" అనేవారు. కాళ్లకు బలపం కట్టుకుని తిరగడమంటే ఆయన తర్వాతే ఎవరైనా. బడికి రాని పిల్లల్ని వెతుక్కుంటూ చేలమ్మట, గొర్రెల దొడ్లమ్మట పోయేవారు. ఊరు కర్ణాటకలోది కాబట్టి మా బడిలో చదువు కన్నడంలో. ఇంటికి పోతే అందరిదీ తెలుగే. ఆయన కన్నడంలో పాఠం చెప్పి, తెలుగులో తిట్టి, మళ్లీ కన్నడంలో ఎక్కాలు చెప్పించేవారు. "తిట్లు కన్నడంలో తిడితే వీళ్లకు తగలవు" అనేవారు.

ఒకరోజు ఆయన బల్ల చుట్టూ తిరుగుతూ పాఠం చెబుతుంటే, ముందు వరసలో పిల్ల ఒకతె నేల చూపించి కెవ్వుమంది. గచ్చు మీద నెత్తుటి అడుగులు. ఆయన కుడికాలి టైరు చెప్పులోంచి సర్కారుతుమ్మ ముల్లు దూరి, అరికాల్లో దిగబడి ఉంది. ఎక్కడ దిగిందో ఏమో, దానితోనే ఊరంతా తిరిగొచ్చారు. నేను పట్టుకారు కోసం పరుగెత్తుతుంటే ఆయన నవ్వారు.

"అగ్గిలో నడిచే కాలమ్మా ఇది. ముల్లెంత!"

అది గొప్పలు కాదు. ఆయన నిజంగానే అగ్గిలో నడిచేవారు. పీర్ల పండగ మా వైపు ఒక్క సాయిబులదే కాదు. పీర్లను నిలిపే సావిడి సాయిబులది, గుండంలో కట్టెలు రైతులవి, మొక్కులు అందరివీ. ఆ ఊళ్లో అగ్గిగుండంలో తొలి అడుగు ఐవారి ఇంటిది. వాళ్ల తాత వేశాడు, నాయన వేశాడు, ఆ తర్వాత ఈయన. ఎందుకని అడిగితే ఎవరికీ తెలియదు. ఆ అడుగు పడ్డాకే మిగతావాళ్లు దిగాలి. దిగినవాళ్లెవరైనా పరుగున దాటతారు. ఆయనా మొదట్లో అలాగే దాటేవారట. నేను ఆ ఊరికి వచ్చేనాటికి మాత్రం నడిచేవారు. చేనుగట్టు మీద నడిచినంత నింపాదిగా. నడుమ ఆగి, తూర్పుకు తిరిగి దండం పెట్టుకుని, మళ్లీ నడిచేవారు. మర్నాడు బొబ్బల మీద పసుపూ ఆముదమూ రాసుకుని, కుంటకుండా బడికి వచ్చేవారు.

ఆ ఏళ్లలో పీర్ల పండగ ఏటేటా ముందుకు జరుగుతూ వచ్చి, సరిగ్గా శెనక్కాయ విత్తే అదునులో పడింది. ఆయన మొదటిసారి గుండంలో ఆగి దండం పెట్టిన ఏడు వాన పడింది, పంట పండింది. అంతే, ఊరికి లెక్క కుదిరిపోయింది. ఐవారు ఎంత మెల్లగా నడిస్తే అంత వాన. పీర్ల స్వామి ఐవారి కాళ్లలో కూర్చున్నాడన్నారు. తర్వాత వాన పడని ఏళ్లు వచ్చాయి. అప్పుడు, ఈసారి కాస్త తొందరగా నడిచినారు ఐవారు, అన్నారు. ఆయన మరుసటేడు ఇంకా మెల్లగా నడిచారు. ఆ గౌరవం ఆయనకు ఇష్టమే. కాదని అబద్ధం చెప్పను.

అలాంటి రోజుల్లో తాలూకా మేస్టర్లందరికీ పావగడలో షుగరు జబ్బు మీద తరగతి పెట్టారు. మేస్టర్లకు చెబితే పిల్లలకు చెబుతారు, పిల్లలకు చెబితే ఇళ్లకు చేరుతుందని ఎవరో పెద్దల ఆలోచన. మంచి ఆలోచనే. ఎన్నికలకూ, జనాభా లెక్కలకూ, కుటుంబ నియంత్రణకూ మమ్మల్ని వాడుకున్నవాళ్లు షుగరుకు మాత్రం ఎందుకు వదులుతారు? వచ్చిన డాక్టరు కుర్రవాడు, కన్నడంలో ఓపిగ్గా చెప్పాడు. గాజు గొట్టంలో నీలం మందు పోసి, ఉచ్చ చుక్కలు వేసి, దీపం మీద కాచి చూపించాడు. చక్కెర ఉంటే నీలం పోయి ఇటుక రంగు తిరుగుతుందన్నాడు. అన్నం తగ్గించాలన్నాడు.

"తగ్గించేదానికి బియ్యం యాడుండాయి సార్ మా ఊర్లల్లో?" అని వెనక బెంచీ మేస్టరెవరో అంటే అందరం నవ్వాం.

మా ఐవారు లేచి, "దినామూ రాగిముద్ద తిని చేలల్లో తిరిగేటోళ్లకు ఈ కాయిలా ఎట్లొస్తాది సార్? ఇది కూర్చోని తినేటోళ్లది గదా?" అని అడిగారు. ఎవరికైనా రావచ్చని డాక్టరు చెప్పి, కాళ్ల సంగతి ఎత్తుకున్నాడు. జబ్బు ముదిరితే అరికాళ్లకు స్పర్శ పోతుంది, అది ఎలా కనిపెట్టాలో చూపిస్తాను, ఎవరైనా ముందుకు రండి అన్నాడు. ముందుకు రండి అంటే ఆగే మనిషి కాదు కదా ఆయన. వెళ్లి కుర్చీలో కూర్చుని, చెప్పులు విప్పి, కాళ్లు చాచి కళ్లు మూసుకున్నారు. పుల్ల తగిలినప్పుడల్లా చెయ్యెత్తమని చెప్పి, డాక్టరు చీపురుపుల్ల ఒకటి విరిచి అరికాలి మీద తాకించాడు.

ఆయన చేతులు ఒళ్లోనే ఉన్నాయి. డాక్టరు వేళ్ల కింద తాకించాడు, నడుమ తాకించాడు, మడమ మీద పుల్ల వంగేదాకా నొక్కాడు. రెండో కాలికి మారాడు. ఆయన నవ్వుతూనే కూర్చున్నారు. కాసేపయ్యాక, కళ్లు తెరవకుండానే అన్నారు.

"నేను సిద్ధంగా ఉండాను సార్. ఇంగ మొదలుపెట్టండి."

హాలంతా గొల్లున నవ్వింది. పుల్ల ఆయన మడమ మీదే ఉంది. నవ్విన నవ్వు ఒక్కొక్క బెంచీ దగ్గరే ఆగిపోయింది. ఆయన కళ్లు తెరిచి, ముందు మమ్మల్ని, తర్వాత పుల్లను చూశారు.

"ఈ మచ్చలేంటి?" అన్నాడు డాక్టరు.

"అగ్గిగుండం సార్. ప్రతి ఏడూ తొలి అడుగు మాదే. నాకేమీ కాదు."

"ఏమీ కాలేదని ఎలా తెలుసు?"

"నొప్పి ల్యాకపాయె గద సార్," అన్నారు. ఆ మాట నోటి నుంచి వచ్చాక ఆయన మొహం చూడాల్సింది. నేను చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది.

గాజు గొట్టంలో ఆయన తాలూకు నీలం ఇటుక రంగు తిరిగింది. డాక్టరు మాత్రలు రాసిచ్చాడు. చెప్పులు వేసుకునే ముందు చేత్తో తడిమి చూసుకోవాలనీ, రోజూ అరికాళ్లు ఎవరిచేతనైనా చూపించుకోవాలనీ, అగ్గి మాట ఇక తలపెట్టొద్దనీ చెప్పాడు. తిరుగు బస్సులో ఆయన చెప్పులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఏటి ఇసుక దగ్గర పడింది. నేను దిగబెట్టి వద్దామని ఆయన వెంటే వెళ్తున్నాను.

"అయితే టీచరమ్మా, స్వామి కాదు."

"ఏంటి సార్?"

"ఇన్నేండ్లూ నా కాళ్లల్లో ఉండింది స్వామి కాదు. సక్కెర." కిటికీలోంచి ఇసుక వైపు చూశారు. "మా నాయనకు కాలి మీద పుండు పడి, మానకనే పాయె. ఆయన కాళ్లల్లో ఏముండిందో."

భార్య పోయి చాలాకాలమైన మనిషి. ఇంట్లో ఆయన అరికాళ్లు చూసే దిక్కు లేదు.

మర్నాడు పొద్దున్నే ప్రార్థన అయ్యాక పిల్లలందర్నీ ఎండలో నిలబెట్టి, అచ్చ తెలుగులో పాఠం మొదలుపెట్టారు. "పరీక్ష రాసేది కన్నడంలో గానీ, పుండు పడేది తెలుగు కాలికి రా" అన్నారు. ఇంటికి పోయి అవ్వ పాదాలు, తాత పాదాలు తిరగేసి చూసి రావాలి. చూసింది మర్నాడు చెప్పాలి. అదే హోంవర్కు. ఆనాటి నుంచి ప్రార్థన కాగానే ఆయన అడిగే మొదటి మాట ఇదే: "నిన్న ఎవురి పాదాలు చూసినారు?" చెప్పినవాళ్లను వెంటనే రెండో మాట అడిగేవారు: "ఎట్లుండాయి?"

"మా అవ్వ మడమ పగుల్లో నా ఏలు పడతాది సార్."

"మా తాత పాదం చూడబోతే తన్నినాడు సార్."

"తన్నేటప్పుడన్నా చూసింటివి గదరా, ఎట్లుండాది?"

అలా నవ్వుతూ ఏడుస్తూ ఆ చదువు ఊళ్లోకి పోయింది. ఒక పిల్ల, వాళ్లవ్వ వేలి సందున పురుగు పట్టిన పుండు చూసి వచ్చి చెప్పింది. ఐవారే దగ్గరుండి బండి కట్టించి పావగడ పంపించారు. వేలు పోయింది గానీ కాలు దక్కింది. చాలనుకున్నాను. ఊరికి బుద్ధి వచ్చిందనుకున్నాను.

పండగ దగ్గర పడ్డాక ఆయన పీర్ల సావిడి దగ్గర ఊరిని కూర్చోబెట్టి చెప్పారు. "నా కాళ్లది మహిమ కాదప్పా. చచ్చుబడినాయి. తొలి అడుగు ఇంగెవురన్నా వేయండి."

ఊరు గుసగుసలు పోయింది. అందరికంటే ఎక్కువ చేను ఉన్న పెద్దరైతు ఒకాయన ఉండేవాడు, మంచి మనిషే. ఆయన లేచాడు. "రోగమే అనుకుందాం ఐవారా. స్వామి రోగం మాదిరి రాగూడదని యాడన్నా ఉండాదా?"

దీనికి ఏ డాక్టరు దగ్గర మాత్ర ఉంది? పీర్లను చూసుకునే ముజావరు ముసలాయన, అందరికీ సాయిబు తాత, మూల నుంచి అన్నాడు. "స్వామి ఏనాడూ ఈయన కాళ్లు అడగల్యా. వద్దంటే వద్దు. ఇంగొగర్ని చూసుకోండి."

ఆ ఏడు ఎవరో కుర్రరైతు తొలి అడుగు వేసి పరుగున దాటాడు. ఐవారు చెప్పులతో దూరంగా నిలబడ్డారు. పండగయ్యాక ఒక్క తుంపర పడింది. దాన్ని నమ్మి అందరూ విత్తారు. మొలకలు వచ్చాయి, ఆకులు విచ్చుకున్నాయి. ఆ పైన చుక్క లేదు. ఆకులు పగలు కూడా ముడుచుకునే ఉండి, అలాగే ఎండిపోయాయి.

ఎవరూ ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు. తిట్టి ఉంటే తట్టుకునేవారు. ఎదురుపడితే తల వంచుకుని పక్కకు జరిగేవారు, అంతే. పొద్దున "ఎవురి పాదాలు చూసినారు?" అంటే లేచే చేతులు తగ్గిపోయాయి. ఒకరోజు పెద్దరైతు బడికి వచ్చాడు. ఎండిన శెనక్కాయ చెట్టు ఒకటి వేళ్లతో సహా పీకి తెచ్చి, ఐవారి బల్ల మీద పెట్టాడు. వేళ్లకు ఒక్క కాయ లేదు.

"అందరి పాదాలూ చూడమంటిరి గదా ఐవారా. దీని పాదం చూడండి."

అంతే అన్నాడు. విసురు లేదు ఆ మాటలో. కండువాతో మొహం తుడుచుకుంటూ వెళ్లిపోయాడు. ఐవారు ఆ చెట్టును పారేయలేదు. కిటికీలో పెట్టారు. అది పొడైపోయేదాకా అక్కడే ఉంది.

మరుసటేడు పండగకు ముందు, ఆయన బడి గడపలో కూర్చుని చెప్పులు తడుముకుంటున్నారు. మాత్రలు మానలేదు, తడమడం మానలేదు, పాఠం మానలేదు. తలెత్తకుండానే, "ఈసారి నడస్తా టీచరమ్మా" అన్నారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పై అధికారి అని కూడా చూడలేదు. "పిల్లలకు చెప్పేది మీరే కదా సార్? మీ కాళ్లకూ వానకూ సంబంధం లేదని ఊరికి చెప్పలేరా?"

"అదే చెప్తాండా ఇన్నాళ్లూ. వాళ్లకు అర్థం కాక కాదమ్మా. ఆ చెట్టు తెచ్చి పెట్టినోడికి ఇంగేం మిగిలింది?" చెప్పు కింద పెట్టి కాలు దూర్చారు. "నాకైతే నొప్పి గూడా ల్యా. నొప్పి ఉండేటోళ్లే దాటతాండారు. నొప్పి లేనోడికి ఏం వచ్చింది?"

నేను విసురుగా పోయి బడి గంట కొట్టాను. ఆయన మీద కోపం ఇప్పటికీ అలాగే ఉంది.

పండగ ముందు రోజు నేను ఊళ్లోనే ఉండిపోయాను. తెల్లవారుతుండగా గుండం దగ్గరికి వెళ్లాను. ఆయన పంచె ఎగగట్టి, గొడుగు సాయిబు తాత చేతికిచ్చి, దిగారు. ఎప్పటికన్నా మెల్లగా నడిచారు. నడుమ ఆగారు. దండం పెట్టి ఊరుకోలేదు, అక్కడే నిలబడ్డారు. జనం అరవడం మానేశారు. సాయిబు తాతే "చాలు, రా సామీ, చాలు" అని గట్టిగా పిలిచాడు. అప్పుడు కదిలారు.

సాయిబు తాత, నేను కలిసి కాళ్లకు పసుపు గుడ్డలు చుట్టాం. మాంసం దాకా కాలిన కుడి మడమ చూసి ఆ ముసలాయన నా వైపు చూశాడు. మొదటి బస్సుకు పావగడ పోదాం రండి సార్ అని చెయ్యి పట్టుకుని లాగాను. కదలలేదు. పడమట సన్నగా నల్లటి గీత కనబడుతోంది.

"మబ్బు పట్టింది టీచరమ్మా. చూసి రేపొస్తా."

ఒంటరిగా బస్సెక్కాను. ఆ మధ్యాహ్నమే వాన మొదలైంది. వాన కాదు, ఆకాశానికి చిల్లు పడింది. ఎన్నేళ్లకో పినాకిని పారింది. ఇసుకలో వేసిన దారి కొట్టుకుపోయి బస్సు ఆగిపోయింది. మర్నాడు నాగలమడికదాకా ఏదో జీపులో వెళ్లి గట్టున నిలబడితే, ఇటువైపు ఆడవాళ్లు కొత్తనీళ్లకు పసుపూ కుంకుమా వేసి గంగపూజ చేస్తున్నారు. అందరి మొహాలూ వెలుగుతున్నాయి. ఆ నీళ్లను తిట్టింది నేనొక్కదాన్నే.

అవతల ఏం జరిగిందో తర్వాత తెలిసింది. వాన మొదలవగానే ఆయన కాళ్ల గుడ్డలతోనే బడి ముందుకు వచ్చి, గొడుగు విప్పుకుని, తల మాత్రం తడవకుండా నిలబడ్డారట. నేలలో పదును ఆరకముందే విత్తాలని ఊరు ఊరంతా చేలల్లోకి పోయింది, పిల్లలతో సహా. బడి లేదు, ప్రార్థన లేదు, పాదాల లెక్క అడిగేవాళ్లూ చెప్పేవాళ్లూ లేరు. నొప్పి ఉంటే పిలిచేవారేమో, ఆయనకు అది కూడా లేదు. వంట్లో వేడి ఎక్కి పడుకున్నారు. గుడ్డలు విప్పి చూసింది సాయిబు తాతే, అదీ వాసన వచ్చాక. నీళ్లు ఛాతీదాకా తగ్గాక పెద్దరైతూ ఇంకొందరూ మంచం మీద ఆయన్ని మోసుకుని ఏరు దాటించారు. పావగడలో మా వల్ల కాదన్నారు. తుమకూరులో కాలు తీసేశారు. విషం అప్పటికే పైకెక్కింది, మూడు వారాలు కొట్టుకుని అక్కడే పోయారు.

శవాన్ని తెచ్చిన రోజు నేను వెళ్లాను. దారి పొడుగునా చేలన్నీ పచ్చగా ఉన్నాయి, చూడబుద్ధి కానంత పచ్చగా. "స్వామి ఐవారిని తీసుకోని మాకు వాన ఇచ్చినాడు" అన్నాడు పెద్దరైతు. ఎద్దు పుండు కాకికి ముద్దా అని నోటిదాకా వచ్చింది. అనలేకపోయాను. ఆయన మంచం కోడు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. ఊరివాళ్లు వరసగా వచ్చి, కాళ్ల దగ్గర గుడ్డ తొలగించి, దండం పెట్టుకుని పోయారు. పిల్లలు కూడా పెట్టుకున్నారు.

మర్నాడు బడి తెరిచాను. ప్రార్థన అయింది. పిల్లలు వరసలు విడలేదు. నేను లోపలికి పొమ్మన్నాను, కదలలేదు. ముందు వరసలో అందరికంటే చిన్నపిల్ల నా వైపు చూసి, "అడగరా టీచర్?" అంది.

"ఏందమ్మా?"

"నిన్న ఎవురి పాదాలు చూసినారని."

ఆ పిల్ల ముందుకు వంగాను. "ఎవురివి చూసినావు?"

"ఐవారివి." వెనక నుంచి అందరూ "మేమూ, మేమూ" అని చేతులెత్తారు. ఎన్నాళ్ల తర్వాతో అన్ని చేతులు లేచాయి. ఆ తర్వాత మాట కూడా అడగాలి కదా. ఆయనైతే అడిగి తీరేవారు.

"ఎట్లుండాయమ్మా?"

"ఒగటే ఉండాది టీచర్," అంది.